బండి ఎప్పుడు వేడెక్కుతోంది? ముందు ఆ సంగతి చూడండి

కారు సందేహాలు – సమాధానాలు

ఎండలు ముదిరేసరికి ఇంజిన్ హీటవుతోందన్న ప్రశ్నలే ఎక్కువగా వచ్చాయి. చాలామంది బండి మోడలూ, ఇప్పటిదాకా మార్పించిన సామాన్ల జాబితా వివరంగా రాశారు. కానీ వేడెక్కేది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీదా, ఎత్తు ఎక్కుతున్నప్పుడా, స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా అన్నది కొద్దిమందే రాశారు. మెకానిక్‌కి చెప్పాల్సిన మొదటి మాట అదే. అది తెలిస్తే సగం సామాన్ల మీద అనుమానం అక్కడికక్కడే తీరిపోతుంది, డబ్బూ మిగులుతుంది.

ప్రశ్న: నాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. సాయంత్రం జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కాక దానంతటదే దిగిపోతుంది. రేడియేటర్ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్పించమంటారా? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: ఇప్పుడే మార్పించకండి. మీరు రాసిన లక్షణం రేడియేటర్ లోపల పూడిక కన్నా ఫ్యాన్ వైపే ఎక్కువగా చూపిస్తోంది. బండి 60, 70 వేగంలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్ తిరగకపోయినా తెలియదు. సిగ్నల్ దగ్గర ఆ గాలి ఉండదు కాబట్టి భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. లోపల పూడుకుపోయిన రేడియేటరైతే ఓఆర్ఆర్ మీద ఇంజిన్ ఎక్కువ పని చేస్తున్నప్పుడే ముందు బయటపడేది.

ఇంటి దగ్గరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ అందుకోగానే ముందున్న ఫ్యాన్ కూడా తిరగాలి. తర్వాత ఏసీ ఆపేసి బండిని నీడలో ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచి చూస్తూ ఉండండి. కూలెంట్ 95 నుంచి 100 డిగ్రీలకు చేరేసరికి, కొన్ని మోడళ్లలో ఇంకొంచెం పైన, ఫ్యాన్ తనంతట తాను తిరగాలి. కాసేపు తిరిగి ఆగాలి, మళ్లీ తిరగాలి. ముల్లు సగం దాటి పైకి పోతున్నా ఫ్యాన్ కదలకపోతే ఇంజిన్ ఆపేయండి, జవాబు దొరికినట్టే. ఈ పరీక్ష చేసేటప్పుడు చున్నీ, టై, వదులు చొక్కా చేతులు ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది.

ఏసీతో తిరిగి, వేడికి తిరగకపోతే మోటర్ బాగున్నట్టే. టెంపరేచర్ సెన్సర్‌నీ, దాని కనెక్టర్‌నీ, వైరింగ్‌నీ చూడాలి. చాలా ఇంజెక్షన్ కార్లలో ఇంజిన్ నడుస్తుండగా ఆ సెన్సర్ కనెక్టర్ పీకేస్తే కంప్యూటర్ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ని తిప్పేస్తుంది. అలా తిరిగితే సెన్సరే తప్పుడు లెక్క ఇస్తోందని బలమైన అనుమానం. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, స్కానర్‌తో తర్వాత తీసేయించుకోవచ్చు.

ఏ రకంగానూ తిరగకపోతే ఫ్యాన్ ఫ్యూజ్ చూడండి, మామూలుగా 30 లేదా 40 ఆంపియర్లది ఉంటుంది. అది బాగుంటే రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బీ, చూడాలి. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబరున్న ఇంకో రిలే, తరచుగా హార్న్‌ది, ఉంటే దాన్ని తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఫ్యాన్ ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌కి 12 వోల్టులు వస్తున్నా రెక్కలు కదలకపోతే మోటర్ పోయింది. స్క్రూడ్రైవర్ పిడితో మోటర్ మీద మెల్లగా కొడితే తిరగడం మొదలెట్టిందంటే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినట్టు. ఈరోజు తిరిగినా రేపు ఆగిపోతుంది, మార్చేయండి.

రెండు స్పీడుల ఫ్యాన్ ఉన్న బండ్లలో ఇంకో తిరకాసు ఉంది. తక్కువ స్పీడు నడిపే రెసిస్టర్ కాలిపోతే ఫ్యాన్ చాలా ఆలస్యంగా, బాగా వేడెక్కాక హై స్పీడులోనే అందుకుంటుంది. ‘ఫ్యాన్ తిరుగుతోంది కదా’ అని మెకానిక్ వదిలేస్తాడు, ట్రాఫిక్‌లో ముల్లు మాత్రం లేస్తూనే ఉంటుంది. మీ బండి అలాంటిదైతే రెండు స్పీడులూ విడివిడిగా చూడమనండి.

మోటర్ ఈమధ్యే మార్పించి ఉంటే గాలి ఏ దిక్కుకి పోతోందో చూడండి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ గాలిని ముందుకు ఊదుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా ముందు గ్రిల్ దగ్గర ఒక కాగితం పెడితే అది లోపలికి అతుక్కోవాలి. అతుక్కోకపోతే ఒకటి దిక్కు తప్పు, లేదా రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము, పురుగులు, దూదిపింజలు గడ్డకట్టి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, మురికంతా ఆ రెండింటి సందులో ఉంటుంది. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడిపిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. బండి చల్లారాక ఇంజిన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపు నీళ్లతో మెల్లగా కడగాలి. వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. గ్రిల్ ముందు బిగించిన అదనపు లైట్లు, జాలీ ఉంటే అవీ తీసి చూడండి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం విరిగిందని పారేసిన బండ్లు కూడా కనిపిస్తుంటాయి. ఆ చట్రం లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ అంతటి నుంచీ గాలి లాగలేదు, దాన్ని తిరిగి వేయించాల్సిందే.

ఫ్యాన్‌ని స్విచ్ పెట్టి డైరెక్ట్ చేస్తామంటే ఒప్పుకోకండి. రిలే లేకుండా సన్నటి వైరుతో లాగిన కనెక్షన్ ఎండాకాలంలో కరిగి షార్ట్ అవుతుంది. దారిలో ఇల్లు చేరడానికి ఒక్కరోజుకైతే సరే, ఆ మర్నాడే అసలు లోపం పట్టించండి.

ప్రశ్న: డీజిల్ ఎస్‌యూవీ, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. సిటీలో ఏ ఇబ్బందీ లేదు. శ్రీశైలం నుంచి తిరిగొస్తూ డ్యామ్ దాటి ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోయింది. ఏసీ ఆపి, ఆగి ఆగి వచ్చాం. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. – వనస్థలిపురం పాఠకుడు

జవాబు: పై ప్రశ్నకి ఇది సరిగ్గా ఎదురు. మీకు గాలి చాలుతోంది, నీటి ప్రవాహమే చాలడం లేదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ పుట్టించే వేడి ట్రాఫిక్‌లో ఉన్నదానికి ఎన్నో రెట్లు. అంత వేడిని మోయాలంటే రేడియేటర్ గొట్టాలన్నీ తెరిచి ఉండాలి, పంపు పూర్తిగా తోయాలి.

మొదటి అనుమానం రేడియేటర్ లోపలి పూడిక. బోరు నీళ్లు పోసుకుంటూ వచ్చిన బండైతే ఆ అనుమానం రెట్టింపు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉన్న షాపుకి వెళ్లండి. ఇంజిన్ బాగా వేడెక్కి ఫ్యాన్ తిరిగాక రేడియేటర్ ముఖమంతా అడుగడుగునా కొలవమనండి. వేడి నీళ్లు వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి క్రమంగా తగ్గాలి. మధ్యలో చేతి వెడల్పున చల్లటి మచ్చలు ఉంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్టు. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తప్పు చూపిస్తుంది, అందుకే కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించి చూడాలి.

రెండో అనుమానం కింది హోస్. ఇది పంపు నీళ్లు లాక్కునే వైపు. పాతబడి మెత్తబడితే, లోపలి స్ప్రింగ్ తుప్పుపట్టి విరిగితే, ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దాటగానే లోపలికి నొక్కుకుపోతుంది. ఐడిల్‌లో మామూలుగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒకరు యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు టార్చ్ వేసి చూడాలి.

మూడోది వాటర్ పంపు, మన మెకానిక్‌లు వాటర్ బాడీ అనేది. కింద ఉండే చిన్న రంధ్రం నుంచి కారుతుంటే సీల్ పోయినట్టు, పుల్లీ చేత్తో ఊపితే ఆడుతుంటే బేరింగ్ పోయినట్టు. ఏమీ కారకుండానే లోపలి రెక్కల చక్రం తుప్పుతో తినేసి ఉండొచ్చు, ప్లాస్టిక్‌దైతే షాఫ్ట్ మీద జారుతుండొచ్చు. అది పంపు విప్పితేనే తెలుస్తుంది. టైమింగ్ బెల్ట్‌తో తిరిగే పంపు అయితే బెల్ట్ మార్చే రోజునే పంపు కూడా మార్పించండి, విప్పే కూలీ ఒక్కసారే పడుతుంది.

ఇవన్నీ విప్పే ముందు ఒక చిన్న పని: నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూడండి. పట్టేసిన బ్రేక్, జారుతున్న క్లచ్ కూడా ఘాట్‌లో ఇంజిన్‌ని ఇలాగే వేధిస్తాయి. క్లచ్ అరిగిందా అన్నది ఎత్తు మీద తెలుస్తుంది, ఆర్‌పీఎం లేస్తున్నా బండి అంత వేగం అందుకోదు. మళ్లీ ఘాట్ ఎక్కాల్సి వస్తే పెద్ద గేరులో మూలిగేలా నడపకండి. ఒక గేరు తగ్గిస్తే పంపు వేగం పెరుగుతుంది, ఇంజిన్ మీద ఒత్తిడీ తగ్గుతుంది.

ప్రశ్న: బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ తీసేశారు. ‘మన ఎండలకి అదెందుకు సార్, చల్లటి దేశాలకి కావాలి’ అన్నారు. ఇప్పుడు మైలేజీ తగ్గింది, ఎండలో హీటవడం మాత్రం ఆగలేదు. – ఎల్.బి.నగర్ పాఠకుడు

జవాబు: వెంటనే తిరిగి వేయించండి. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేదే ఆ వాల్వ్. హైదరాబాద్ గ్యారేజీల్లో ఇంతగా పాతుకుపోయిన పొరపాటు ఇంకోటి లేదు. ఇంజిన్ తగిన వేడికి త్వరగా చేరి అక్కడే నిలబడాలి. అప్పుడే పెట్రోల్ సరిగా మండుతుంది, పిస్టన్ రింగులు తక్కువ అరుగుతాయి. వాల్వ్ లేకపోతే చల్లటి ఇంజిన్‌కి కంప్యూటర్ అదనంగా పెట్రోల్ కొడుతూనే ఉంటుంది. మీ మైలేజీ పోయింది అందుకే. ఆ అదనపు పెట్రోల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్‌ని పలచన చేస్తుంది.

హీటవడం ఎందుకు ఆగలేదంటే, చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి రెండు పనులు. పైబిళ్ల రేడియేటర్ దారి తెరుస్తుంటే, కిందిబిళ్ల రేడియేటర్‌ని తప్పించుకుపోయే అడ్డదారిని మూస్తుంది. మొత్తం తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. అసలే ఎండ, పైన ఇది.

కొత్త వాల్వ్‌ని బిగించే ముందు పరీక్షించండి. దాని మీద 82 లేదా 88 అని తెరుచుకునే వేడి ముద్రించి ఉంటుంది. గిన్నెలో నీళ్లు పోసి, వాల్వ్‌ని అడుగు తగలకుండా తీగతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. ముద్ర ఉన్న అంకెకు రెండు డిగ్రీలు అటూ ఇటూగా కదలడం మొదలవ్వాలి. 82 వాల్వ్ 95 దగ్గర పూర్తిగా, దాదాపు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి 88 వాల్వ్ మరిగే నీళ్లలోనూ చివరిదాకా తెరుచుకోకపోతే అది చెడిందని అనుకోకండి. బిగించేటప్పుడు చిన్న గాలి రంధ్రం పైకి ఉండేలా పెట్టాలి, లేకపోతే దాని వెనక గాలి చిక్కుకుపోతుంది.

అసలు మొదట బండి ఎందుకు వేడెక్కిందో ఇంకా తేలలేదని గుర్తుంచుకోండి. వాల్వ్ వేశాక అది ట్రాఫిక్‌లోనా, వేగంలోనా చూసి పై రెండు జవాబుల్లో మీది ఏదో దాని ప్రకారం వెళ్లండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. రేడియేటర్‌లో అవే పోస్తున్నాం. కూలెంట్ తప్పనిసరా? ఆకుపచ్చది మంచిదా, ఎర్రదా? ఎంత కలపాలి? – నిజాంపేట పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ బకెట్ అంచున, గీజర్ లోపల తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఆ గొట్టాల సందు చాలా సన్నం, సున్నపు పొర కొంచెం పట్టినా వేడి బయటికి పోదు. కూలెంట్‌కి గడ్డకట్టకుండా కాపాడే గుణం మనకి అవసరం లేకపోయినా మిగతా రెండు గుణాలూ కావాలి. ఒకటి, అల్యూమినియం, ఇనుము తుప్పుపట్టకుండా ఆపే మందులు అందులో ఉంటాయి. రెండు, మరిగే వేడి పెరుగుతుంది. 0.9 బార్ ఒత్తిడి దాకా పట్టి ఉంచే రేడియేటర్ మూత ఉన్న సిస్టంలో ఇక్కడ ఉత్త నీళ్లు సుమారు 118 డిగ్రీలకు మరుగుతాయి, సగం సగం కలిపిన కూలెంట్ 125 దాటాకే మరుగుతుంది.

రంగుని నమ్మకండి. ఏ రంగు ఏ రకానికి అన్న నియమం కంపెనీలకి లేదు. మీ బండి మాన్యువల్‌లో రాసిన రకమే కొనండి. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జావలా గడ్డకట్టి సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి, అలా కాకపోయినా తుప్పు మందు పని తగ్గుతుంది. డబ్బా మీద నీళ్లు కలపకుండా వాడేదని రాసి ఉందా, నీళ్లు కలపాల్సిన చిక్కటిదా అన్నది తప్పకుండా చదవండి. ముందే కలిపి ఉన్నదానికి మళ్లీ నీళ్లు కలిపి పాడుచేసుకునేవాళ్లు చాలామంది. చిక్కటిదైతే మన వాతావరణానికి 40 నుంచి 50 శాతం చాలు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. కూలెంట్ కన్నా నీళ్లే వేడిని బాగా మోస్తాయి, 60 శాతం దాటితే చల్లబరిచే శక్తి తగ్గుతుంది. కలిపేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, బ్యాటరీకి పోసేది. ఇంటి ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువే అయినా సున్నా కాదు. దారిలో అవసరానికి పనికొస్తాయి, నింపడానికి వద్దు.

మీ బండిలో ఇప్పటికే సున్నం పట్టి ఉంటుంది కాబట్టి ముందు కడగాలి. బండి రాత్రంతా చల్లారాక కింది డ్రెయిన్ విప్పి ఖాళీ చేసి, రేడియేటర్ ఫ్లష్ ద్రవాన్ని డబ్బా మీద రాసిన మోతాదులోనే పోసి, హీటర్‌ని ఫుల్ హాట్‌లో పెట్టి నడపాలి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక, అంటే పైహోస్ వేడెక్కాక, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి ఆపి, చల్లారాక వదిలేయాలి. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, నడిపి, వదలడం. బయటికొచ్చే నీళ్లు తేటగా వచ్చేదాకా అంతే. బాత్రూమ్ కడిగే యాసిడ్ పోస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకండి, అది అల్యూమినియంని తినేస్తుంది.

చివరిసారి నింపేటప్పుడు చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. డ్రెయిన్ విప్పితే నీళ్లన్నీ రావు, ఇంజిన్ బ్లాక్‌లోనూ హీటర్‌లోనూ కొన్ని మిగిలిపోతాయి. మీ బండి సామర్థ్యం 5 లీటర్లు, బయటికి వచ్చినవి 3 లీటర్లు అనుకోండి. లోపల 2 లీటర్ల ఉత్త నీళ్లు ఉన్నాయి. 40 శాతం కావాలంటే మొత్తం 5 లీటర్లకి 2 లీటర్ల చిక్కటి కూలెంట్ పడాలి. ముందు ఆ 2 లీటర్లు పోసి, తర్వాత 1 లీటర్ డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బయట సగం సగం కలిపి 3 లీటర్లు పోస్తే లోపల 30 శాతమే అవుతుంది.

ఇక గాలి తీయడం. బండి ముక్కు కొంచెం ఎత్తులో ఉండేలా వాలు మీద నిలపండి. హీటర్ ఫుల్ హాట్. గాలి తీసే స్క్రూ ఉన్న మోడలైతే దాన్ని వదులు చేసి, బుడగలు లేకుండా సన్నటి ధార వచ్చాక బిగించండి. మెల్లగా పోస్తూ పైహోస్‌ని చేత్తో పిసకండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. డ్యాష్‌బోర్డ్ నుంచి వేడి గాలి నిలకడగా రావాలి, రాకపోతే గాలి ఇంకా లోపలే ఉంది. మర్నాడు పొద్దున చల్లటి బండిలో మట్టం చూసి, తగ్గినంత పోసి మూయండి.

తీసేసిన కూలెంట్‌ని వీధిలో పారబోయకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది, చిన్నపిల్లలకీ అంతే. మూత ఉన్న డబ్బాలో పోసి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.

ప్రశ్న: సీఎన్‌జీ క్యాబ్ నడుపుతాను. నాలుగైదు రోజులకోసారి అర లీటరు నీళ్లు తగ్గుతున్నాయి. కింద ఎక్కడా కారడం లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయిందని ఒకరు, కాదని ఇంకొకరు. – మెహిదీపట్నం పాఠకుడు

జవాబు: హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీద బిగించే హెడ్‌కీ మధ్య ఉండే సీలు. హెడ్ విప్పించే ముందు సీఎన్‌జీ రెడ్యూసర్ చూడండి. సిలిండర్‌లో 200 బార్ల దాకా ఉన్న గ్యాస్ ఒత్తిడి తగ్గేటప్పుడు బాగా చల్లబడుతుంది, గడ్డకట్టకుండా రెడ్యూసర్‌కి ఇంజిన్ వేడి నీళ్లు పంపుతారు. బయట కిట్ వేయించిన బండ్లలో ఆ హోస్‌లని ‘టీ’ జాయింట్లతో కలుపుతారు. అక్కడి క్లిప్పులు వదులై, వేడి ఇంజిన్ మీద చుక్కలు పడి అక్కడికక్కడే ఆవిరైపోతాయి. నేల తడవదు. జాయింట్ చుట్టూ తెల్లటి లేదా రంగు మరక ఎండి ఉంటే అదే ఆనవాలు.

సరిగ్గా తేల్చేది ప్రెషర్ టెస్ట్. చల్లటి బండిలో మూత చోట చేతి పంపు బిగించి, మూత మీద రాసినంత ఒత్తిడి, 0.9 లేదా 1.1 బార్, ఎక్కించి పది నిమిషాలు ఉంచుతారు. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉండి, తియ్యటి వాసనొచ్చి, అద్దం లోపల జిడ్డుగా మంచు పడుతుంటే హీటర్ కోర్, అంటే డ్యాష్‌బోర్డ్ లోపల ఉండే హీటర్ రేడియేటర్, కారుతున్నట్టు. మూతని కూడా అదే పంపుతో పరీక్షించండి. స్ప్రింగ్ బలహీనమైన మూత నీళ్లని ముందే బయటికి వదిలేస్తుంది, మీరు ఇంజిన్ తాగేస్తోందని అనుకుంటారు. చల్లారాక పైహోస్ చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటే మూతలో వెనక్కి పీల్చే వాల్వ్ పట్టేసింది.

బయట ఎక్కడా దొరకకపోతే అప్పుడు హెడ్ గ్యాస్కెట్. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పైహోస్ రాయిలా గట్టిపడటం, కూలెంట్ డబ్బాలో ఆగకుండా బుడగలు రావడం, స్టార్ట్ చేసిన కొత్తలో ఒక సిలిండర్ మండకుండా మిస్సవడం, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోవడం దాని గుర్తులు. ఆయిల్ మూత కింద మీగడ ఒక్కటే చూసి నిర్ణయించకండి. వానాకాలంలో చిన్నచిన్న దూరాలు తిరిగే బండ్లలో అది తేమ వల్లా వస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా కాఫీ రంగుకి తిరిగితే అది నిజం. బ్లాక్ టెస్ట్ అడగండి. నీలం ద్రవం ఉన్న గొట్టాన్ని డబ్బా మూతి మీద పెట్టి ఆవిరిని లాగితే, మండిన వాయువు కలుస్తుంటే పసుపుకి తిరుగుతుంది. డబ్బాలో మట్టం కొంచెం తగ్గించి చేయాలి, కూలెంట్ ఆ గొట్టంలోకి పోతే ఫలితం పాడవుతుంది.

డీజిల్ బండ్లవాళ్లకి ఒక మాట: మీకు ఇలాగే తగ్గుతుంటే ఈజీఆర్ కూలర్ (పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) కూడా చూపించండి. అది లోపల చిల్లుపడితే కూలెంట్ సైలెన్సర్ గుండా పోతుంది, హెడ్ మాత్రం బాగానే ఉంటుంది.

ప్రశ్న: హెడ్ విప్పారు. ఫేసింగ్ చేయించి కొత్త గ్యాస్కెట్ వేస్తామంటున్నారు. మేం ఏం చూసుకోవాలి? – ఉప్పల్ పాఠకుడు

జవాబు: లేత్ షాపులో ముందు హెడ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించండి, పగులు ఉంటే ఫేసింగ్ (హెడ్ అడుగుని గీసి చదును చేయడం) ఖర్చు వృథా. స్టీల్ స్కేల్ అడ్డంగా, పొడవుగా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలవాలి. చాలా ఇంజిన్లకి 0.05 మిల్లీమీటర్లు దాటిన వంపు ఒప్పుకోరు. ఎంత మేర గీయొచ్చో మాన్యువల్‌లో ఉంటుంది, కొన్ని డీజిల్ హెడ్‌లని అసలు గీయకూడదు. డీజిల్‌లో గ్యాస్కెట్ మందాలు కూడా వేర్వేరుగా ఉంటాయి, అంచున గాట్లు లేదా రంధ్రాలతో గుర్తు పెడతారు. పాతదానికి ఉన్నన్ని గుర్తులే కొత్తదానికీ ఉన్నాయా చూసుకోండి.

సాగే రకం హెడ్ బోల్టులైతే మళ్లీ వాడకూడదు, కొత్తవి కొనండి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు మిగిలితే బిగించేటప్పుడు బ్లాకే పగలొచ్చు, గాలితో ఊదించి ఆరబెట్టాలి. బిగింపు మధ్య నుంచి బయటికి, విడతలవారీగా, టార్క్ రెంచ్‌తో. చేతి అంచనాతో బిగించే చోట ఈ పని వద్దు. అన్నిటికన్నా ముందు, గ్యాస్కెట్ ఎందుకు పోయిందని అడగండి. ఆగిపోయిన ఫ్యానో, పూడిన రేడియేటరో అలాగే ఉంటే కొత్తదీ పోతుంది.

ప్రశ్న: రేడియేటర్ చిన్నగా కారుతుంటే పసుపు వేయమంటున్నారు. వేయొచ్చా? – మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: వద్దు. షాపుల్లో అమ్మే లీక్ మూసే పొడులు కూడా వద్దు. చిల్లుతో పాటు హీటర్ కోర్ సన్నటి గొట్టాలనీ మూసేస్తాయి. అల్యూమినియం రేడియేటర్‌కి ప్లాస్టిక్ ట్యాంక్ అంచున కారుతుంటే చాలాసార్లు లోపలి రబ్బరు మార్చి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ట్యాంకే పగిలితే మొత్తం మార్చడమే మేలు.

ప్రశ్న: ఎయిర్‌పోర్ట్‌కి పోతూ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ మీద ఉండగా ముల్లు లేస్తే ఏం చేయాలి? అక్కడ ఆగడానికి చోటు ఉండదు కదా. – టోలిచౌకి పాఠకురాలు

జవాబు: ముల్లు సగం దాటి లేస్తున్నట్టు చూడగానే ఏసీ ఆపేయండి. హీటర్ ఫుల్ హాట్, బ్లోవర్ ఫుల్, అద్దాలు దించండి. లోపల ఉక్కపోస్తుంది, కానీ హీటర్ కూడా చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. యాక్సిలరేటర్ మెత్తగా తొక్కుతూ దగ్గరి ర్యాంప్ దిగేదాకా వెళ్లొచ్చు. ముల్లు ఎర్ర గీతకి తాకినా, పొగలు కనిపించినా, బ్యాటరీ లైట్ కూడా వెలిగినా ఇంక లాగకండి. చివరిది ఫ్యాన్ బెల్ట్ తెగిందని సూచన, చాలా బండ్లలో పంపు కూడా దానితోనే తిరుగుతుంది. హజార్డ్ లైట్లు వేసి, పూర్తిగా ఎడమకి జరిగి, ఇంజిన్ ఆపి, ట్రాఫిక్ లేని వైపు నుంచి అందరూ దిగి గోడ పక్కకి నిలబడండి.

ముల్లు బాగా పైన ఉండి హఠాత్తుగా కిందికి పడితే చల్లబడిందని సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సర్ ఉత్త ఆవిరిలో తేలుతున్నప్పుడు అలా తప్పు చూపిస్తుంది. అప్పుడే ఎక్కువ హెడ్‌లు పోయేది.

ఆవిరి తగ్గాకే బానెట్ ఎత్తండి. మూత ముట్టుకోవడానికి కనీసం 30 నుంచి 45 నిమిషాలు ఆగాలి. పైహోస్ పిసికితే మెత్తగా ఉండాలి. మందపాటి గుడ్డ వేసి పావు చుట్టు తిప్పి, సుయ్‌మనే శబ్దం పూర్తిగా ఆగాక తీయాలి. తొందరపడి తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. వేడి ఇంజిన్ మీద పైనుంచి నీళ్లు కుమ్మరించకండి, లోపల చల్లటి నీళ్లు ఒక్కసారిగా పోయకండి, హెడ్ పగులుతుంది. చల్లారాక తాగే నీళ్ల సీసాతో మెల్లగా నింపి, బయటికి ధారగా కారకపోతే, ఏసీ లేకుండా తక్కువ వేగంలో దగ్గరి గ్యారేజీకి చేరండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కాఫీ రంగులో ఉంటే మాత్రం స్టార్ట్ చేయకండి, టో చేయించండి.

ప్రశ్న: మా బండికి ముల్లే లేదు, నీలం లైటు, ఎర్ర లైటు మాత్రమే ఉన్నాయి. ముందే ఎలా తెలుసుకోవాలి? – సైనిక్‌పురి పాఠకుడు

జవాబు: ఎర్ర లైటు వెలిగేసరికే చాలా ఆలస్యం అవుతుంది. ముల్లున్న బండ్లలోనూ మామూలు హెచ్చుతగ్గులకి కదలకుండా మధ్యలోనే నిలిపే ఏర్పాటు చాలావాటికి ఉంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (బండి కంప్యూటర్‌లోని లెక్కలు చదివే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో కూలెంట్ డిగ్రీలు చూసుకోండి. గత పదేళ్లలో వచ్చిన కార్లన్నిటిలో ఆ సాకెట్ ఉంటుంది. ఒక వారం చూస్తే మీ బండి మామూలు అంకెలు తెలుస్తాయి: హైవేలో ఎంత, ట్రాఫిక్‌లో ఫ్యాన్ ఎంతకి అందుకుంటోంది, ఎంతకి ఆగుతోంది. అవి ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి. ఆ మామూలు కన్నా ఏడెనిమిది డిగ్రీలు పైకి పోయి దిగకుండా ఉంటే, లైటు వెలగకపోయినా మర్నాడు పొద్దున్నే బానెట్ ఎత్తి కూలెంట్ మట్టం చూడండి. అడాప్టర్‌ని రాత్రి పార్కింగ్‌లో పీకేయండి, కొన్ని చవకవి బ్యాటరీని తాగేస్తాయి.